నేను మాయం చేసిన యజమానులు

దోహాకు కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో, లోకంలో ప్రతిదానికీ ఒక యజమాని ఉంటాడనీ, అతణ్ణి చూడగానే గుర్తుపట్టవచ్చనీ నాకు గట్టి నమ్మకం ఉండేది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మేమున్న ఇంటికి యజమాని ప్రతి నెలా ఒకటో తారీఖున మెట్ల దగ్గర నిలబడేవాడు. మా ఆయన పనిచేసే కన్‌స్ట్రక్షన్ కంపెనీ యజమాని ఫొటో వాళ్ళ ఆఫీసు గోడ మీద ఉండేది. అదే లెక్కన నేను ఉద్యోగానికి చేరిన కంపెనీకి కూడా యజమాని మా ఛైర్మన్‌గారేననీ, పదిహేను రోజులకోసారి తెల్లకారు దిగి, అత్తరు వాసన వెనకాలే వదులుతూ మెట్లెక్కి వచ్చే ఆ పెద్దమనిషేననీ నిశ్చయించుకున్నాను. నేను బీకాం ఫస్టు క్లాసులో ప్యాసయినదాన్ని. "పబ్లిక్ కంపెనీకి నిజమైన యజమానులు దాని వాటాదారులే" అని కంపెనీ చట్టం పేపరులో మూడు పేజీలు నింపి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. రాశాను గానీ నమ్మలేదు. (పరీక్షల్లో రాసినవన్నీ నమ్ముతూ కూర్చుంటే బతికినట్టే అని మా నాన్నగారు కూడా అనేవారు.)

తొంభైల మొదట్లో మాట ఇది. మాది ఐసు కంపెనీ. ఐసు తయారయ్యేదీ, చేపలూ మాంసమూ చల్లగా దాచేదీ సముద్రం వైపున్న పెద్ద షెడ్లలో. మా ఆఫీసు మాత్రం ముషైరిబ్‌లో ఒక బట్టల కొట్టు పైన మూడు గదులు. చాలా ఏళ్ళ క్రితం ఆ ఊరి కుటుంబాలు తలా కాస్త డబ్బు వేసుకుని పెట్టిన కంపెనీ అది. వాటాలు ఎవరైనా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. బజారులో దలాలీ కొట్లుండేవి. అక్కడ టీ తాగుతూ బేరం కుదుర్చుకుని, అమ్మినవాడూ కొన్నవాడూ కలిసి షేరు కాగితం పట్టుకుని మా మెట్లెక్కి వస్తే, మా దగ్గరున్న పెద్ద పుస్తకంలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసేవారు. రాసేవారు అంటే ఇంకు బాబాయిగారు. నేను కాదు. నన్ను ఆ పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు మొదట్లో.

బాబాయిగారిది నిజామాబాద్ దగ్గర పల్లెటూరు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. చొక్కా జేబులో నీలం, నలుపు, ఎరుపు మూడు పెన్నులు. జేబు అడుగున ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరక. అందుకే ఆ పేరు, నేను పెట్టిందే, ఆయన వెనకాల మాత్రమే పిలిచేదాన్ని. ఆ పుస్తకం మా అమ్మమ్మగారి కావిడిపెట్టె మూతంత ఉండేది. ఒక్కో వాటాదారుకు ఒక్కో పేజీ. పైన పేరు అరబ్బీలో, కింద ఇంగ్లీషులో, ఆయన చేతివ్రాతే. నేను చేరిన వారంలోనే, ఛైర్మన్‌గారు వచ్చి వెళ్ళాక, "ఈయన ఒక్కసారి చూసుకుని పోతే చాలు బాబాయిగారూ, అంతా ఆయనదేగా" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు. "ఎవలన్నరు బిడ్డా నీకు? ఆయనది ఈ బుక్కుల ఒక్క పేజీ. గంతే. ఇసోంటి పేజీలు నాలుగు వందల పన్నెండు ఉన్నయి. షేరు కాయిదం ఎవల చేతుల ఉన్నదన్నది గాదు, పైసలు ఎవలిచ్చిన్రన్నది గాదు, ఈ బుక్కుల పేరు ఎవలదుంటే వాళ్ళే మాలిక్. సభకు పిలిచేది వాళ్ళనే, లాభం పంచేది వాళ్ళకే." నేను వినయంగా తల ఊపాను. మనసులో మాత్రం, పాపం పెద్దాయన, ఇన్నేళ్ళు ఒకే పుస్తకం ముందు కూర్చుని దాన్నే భగవద్గీత అనుకుంటున్నారు అనుకున్నాను.

ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఒక కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి నెలన్నర సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. ఆ సెలవు అయిన మూడు వారాలకే వాటాదారుల వార్షిక సభ. అప్పటికి మా ఆఫీసుకు ఒక కంప్యూటర్ వచ్చి ఆర్నెల్లయింది. దుమ్ము పడకుండా దానికి పూల దుప్పటి కప్పి ఉంచేవారు. మేనేజరు నన్ను పిలిచి, పుస్తకంలోని పేర్లన్నీ అందులోకి ఎక్కించమనీ, దాన్నుంచి లేబుళ్ళు తీసి సభ ఆహ్వానాలు పంపమనీ చెప్పాడు. ఇంకోమాట కూడా అన్నాడు, తలుపు వేయకుండానే, పక్క గదిలో సామాను సర్దుకుంటున్న బాబాయిగారికి వినపడేలా: "ఆయన కాంట్రాక్టు కాగితం నా సొరుగులో ఉంది. సభ సవ్యంగా జరిగితే చూద్దాం. కళ్ళు కనపడని గుమాస్తాను ఉంచుకోమని పైవాళ్ళు అనరు." బాబాయిగారు విననట్టే పెన్నులు జేబులో పెట్టుకున్నారు. ఆయన కొడుకు చదువు పూర్తవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ ఆయన ఇక్కడే ఉండాలి. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, మేనేజరుకీ తెలుసు. వెళ్ళేముందు బీరువా తాళం నా చేతిలో పెట్టి, "పైలం బిడ్డా" అన్నారు. జాగ్రత్త అని.

నేను ఉత్సాహంగా కూర్చున్నాను. మొదటి పేజీకే చిక్కొచ్చింది. లేబుల్ మీద ఒక వరసకు ఇరవై అక్షరాలే పడతాయి, అక్కడివాళ్ళ పేర్లేమో రైలుబండిలా ఉన్నాయి. ఒక పూటంతా దిగులుగా కూర్చున్నాక మా ఊరు నాకు దారి చూపించింది. మనవైపు పేరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముందు ఇంటిపేరు, దాని వెనక దేవుడిదో తాతదో ఇంకో ముక్క, చిట్టచివర అసలు మనిషి. బళ్ళో హాజరు పట్టీలోనైనా, పెళ్ళిపత్రిక మీదైనా ముందున్నవి పొడి అక్షరాలైపోయి చివరి పేరొక్కటే నిండుగా మిగులుతుంది. నేను కూడా అలాగే చేశాను. పుస్తకంలో మూడేసి పేర్లతో ఉన్న ప్రతి మనిషికీ మొదటి రెండు పేర్లను అక్షరాలుగా కుదించి చుక్కలు పెట్టి, మూడోదాన్ని ఘనంగా నిలబెట్టాను. మరియం అహ్మద్ జాసిం అనే ఆవిడ ఎం.ఏ. జాసిం అయ్యారు. లేబుల్లో ముచ్చటగా ఇమిడారు.

మూడు వారాలు పట్టింది. ఆఖర్న అక్షర క్రమంలో జాబితా అచ్చు తీసి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఎం.ఏ. జాసిం ఒక్క చోట కాదు, మూడు చోట్ల ఉన్నాడు! ముగ్గురికీ పోస్టు బాక్సు నంబరు ఒకటే. (అక్కడ ఉత్తరాలు ఇంటికి రావు. పోస్టాఫీసులో ఒక పెట్టె ఉంటుంది, దాని నంబరే చిరునామా.) అదే పేరు, అదే పెట్టె అయితే అదే మనిషి కాక ఇంకెవరు? వెతికితే ఇలాంటివి పేజీ పేజీకీ ఉన్నాయి. నాకు విషయం అర్థమైపోయింది. పాపం బాబాయిగారు, చూపు మందగించి, ఒకే మనిషి ఇంకో పది వాటాలు కొన్నప్పుడల్లా పాత పేజీ కనపడక కొత్త పేజీ తెరుస్తూ వచ్చారు. ఆయన పరువు కాపాడే పని దేవుడు నాకప్పగించాడనుకుని, రెండేసి మూడేసి సార్లు వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా కలిపేసి, వాటాలు కూడేసి, మిగిలినవి కొట్టేశాను. నాలుగు వందల పన్నెండు మంది రెండు వందల ఎనభై ఏడు మందికి దిగారు. తపాలా బిళ్ళలు కూడా ఆదా అయ్యాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను, గొంతు తగ్గించి, ఎవరి ఇంటి గుట్టో చెబుతున్నట్టు. "ఏవండీ, మా బాబాయిగారు నూట ఇరవై అయిదు పేజీలు ఎక్కువ రాశారండీ." మా ఆయన పెరుగు కలుపుకుంటూ, "ఆయన ఆ పుస్తకం ముందు ఇరవై ఏళ్ళనుంచి ఉన్నాడు. నువ్వు ఇరవై రోజులనుంచి ఉన్నావు. ఎవరికి ఎక్కువొచ్చిందో ఇంకోసారి చూసుకో" అన్నారు. "మీకు కాంక్రీటు తప్ప ఇంకేం తెలుసండీ" అన్నాను. "కాంక్రీటులో కూడా గట్టిపడక ముందే చూసుకోమంటారు" అన్నారు. నేను అలిగాను.

బాబాయిగారు తిరిగొచ్చింది ఆహ్వానాలు కవర్లలో పెట్టి సిద్ధంగా ఉంచిన రోజున. ఒక కంటి మీద దూది, దానిపైన నల్లద్దాలు. చదవకూడదని డాక్టరు చెప్పాడట. మేనేజరు జాబితా ఆయన ముందు పెట్టించి, 'ఇది పుస్తకానికి సరైన నకలు' అని కింద సంతకం చేయమన్నాడు. వాటాల పుస్తకం చూసే గుమాస్తా సంతకం లేకుండా ఆహ్వానాలు బయటికి పోకూడదు, అది నిబంధన. బాబాయిగారు కాగితాన్ని చేత్తో తడిమారు. "నువ్వు జూసినవా బిడ్డా, ఒక్కొక్క పేరు?" అన్నారు. "చూశాను బాబాయిగారూ. చూడటమే కాదు, శుభ్రం చేశాను" అన్నాను. ఆ రెండో మాట ఏమిటని ఆయన అడగలేదు. "నువ్వు జూస్తే నేను జూసినట్టే" అని సంతకం చేశారు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే, మా పాప మెట్ల అంచున నిలబడితే గుండె ఎలా జారుతుందో అలా జారుతుంది. అప్పుడు మాత్రం నాకు గర్వంగా అనిపించింది.

సభ ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒకావిడ వచ్చింది. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా, ముఖం మీద ఇత్తడి రేకులా మెరిసే పాతకాలపు ముసుగు, దాని వెనక చాలా చురుకైన రెండు కళ్ళు. అరవై దాటి ఉంటాయి. వెనకాలే ఆవిడ డ్రైవరు, బక్కపల్చటి మనిషి, చేతిలో మా కవరు. మేనేజరు బ్యాంకుకి వెళ్ళాడు. నేనూ, నల్లద్దాలతో బాబాయిగారూ ఉన్నాం. ఆవిడ కవరు నా బల్ల మీద వేయించి అరబ్బీలో గబగబా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నేను బాబాయిగారితో "ఏమంటారు ఈవిడ?" అన్నానో లేదో డ్రైవరు ముఖం విప్పారింది.

"అక్కా! తెలుగోళ్ళా మీరు? బతికిస్తిరి. మాది రాయచోటి కాడక్కా. ఈమెకు నేను ఎనిమిదేండ్లుగా బండి తోలతాండా. మీరేం భయపడొద్దు, ఈమి అరుపే అట్లుంటాది. ఏం సెప్తాందంటే, ఈ కాయిదం వాళ్ళ తాతకొచ్చిందంట."

"తాతగారికా? అయితే ఆయన్నే రమ్మనండి" అన్నాను.

డ్రైవరు ఆ మాట అరబ్బీలో చెప్పాడు. ఆవిడ కళ్ళు ఒక్క క్షణం నా మీద నిలిచాయి. తర్వాత నెమ్మదిగా, ముందటి గబగబ ఏమీ లేకుండా మాట్లాడింది. డ్రైవరు కూడా గొంతు తగ్గించాడు. "వాళ్ళ తాత ముత్యాలకని సముద్రంలోకి దిగేటోడంటక్కా. ఈమి పుట్టకముందే మునిగినోడు మల్లా పైకి రాలేదంట. ఆయప్ప పేరు జాసిం. మీరు పంపిన కాయిదం ఆయప్పకే. సభకు ఆయప్ప వచ్చి సెయ్యెత్తాల్నా, లేకుంటే నేను సముద్రంకాడికి పోయి సెప్పి రావాల్నా అని అడగతాంది."

నేను జాబితా తీశాను. "చూడు, ఇక్కడ ఎం.ఏ. జాసిం అని ఉంది. ఈవిడ పేరు మరియం అహ్మద్ జాసిం అయితే, అది ఈవిడదే. ముందున్నవి ఇంటిపేర్లు, చివరిదేగా మనిషి పేరు?"

"ఓయక్కా" అన్నాడు డ్రైవరు. నిజంగా జాలిపడ్డాడు. "ఈళ్ళ పేర్లు మన మాదిరి గాదు. ముందర్ది మనిషిది. దాని ఎనకది నాయనది, దాని ఎనకది తాతది. మీరు మనిషిని కొట్టేసి తాతను నిలబెట్టినారు. ఈమెకు ఇద్దరు తమ్ముండ్లు. ఒకాయన మొహమ్మదు, ఒకాయన ముబారకు. మువ్వురికీ నాయన పోయినప్పుడు వాటాలొచ్చినాయి. ఇప్పుడు మువ్వురికీ కలిపి ఒకటే కాయిదం వచ్చె. 'ఎం' అంటే నేనని పెద్దాయన, గాదు నేనని చిన్నాయన. ఈమి నేను గూడా 'ఎం' గదరా అంటే, ఇద్దరూ నవ్వుతాండారంట, కంపెనీ నీ పేరు తీసేసింది, నీకింక వాటా లేదు పో అని."

(ఇంతవరకూ రాసి లేచి వెళ్ళి పాప నుదురు చూసి వచ్చాను. జ్వరం లేదు. ఆ పూట గురించి ఆలోచిస్తే ఇప్పటికీ ఎవరికో ఏదో అయిందనిపిస్తుంది.) బాబాయిగారు లేచారు. బీరువా తెరిచి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. చదవలేని మనిషి. బొటనవేలితో పేజీల అంచులు లెక్కపెడుతున్నట్టు జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగి, తెరిచి, పుస్తకాన్ని ఆవిడ వైపు తిప్పారు. పైన నిండుగా రాసి ఉంది, మరియం అహ్మద్ జాసిం అని. ఆ ఎదుటి పేజీలో మొహమ్మద్, దాని వెనక ముబారక్. మూడు పేజీలు నేను కూడా తిరగేసినవే, టైపు చేసినవే. ఆవిడ చదువుకోలేదు. అక్షరాల వైపు చూడనైనా చూడలేదు. కింద మూలన, ఎప్పుడో తండ్రి వాటా బదిలీ అయిన రోజున తను వేసిన వేలిముద్ర ఉంది. దాని పక్కన బొటనవేలు ఆనించి చూసుకుంది. "హాదీ అనా" అంది. ఇది నేనే అని. అది మాత్రం డ్రైవరు చెప్పకుండానే అర్థమైంది.

బీకాం పేపరులో నేను మూడు పేజీలు రాసింది దీని గురించేనని నాకు ఆ క్షణాన తెలిసింది. యజమాని అంటే ఛైర్మన్‌గారి అత్తరు కాదు. యజమాని అంటే ఇరవై వాటాలున్న ఈ పెద్దావిడ. ఆమెను నేను ఒక చుక్కగా మార్చి పారేశాను.

బాబాయిగారు నా వైపు తిరిగి, "ఎంతమందిని గిట్ల తీసేసినవ్ బిడ్డా?" అన్నారు. "నూట ఇరవై అయిదు" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చున్నారు. తిడతారేమోనని చూశాను. తిడితే బాగుండేది. డ్రైవరే ఏదో అనాలన్నట్టు, "నూటిరవై అయిదు మందా? మా ఊర్లో ఓట్లు గూడా అంతమందివి పోలేదక్కా" అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

మేనేజరు బ్యాంకునుంచి రాగానే నేనే వెళ్ళి చెప్పాను. "తప్పు నాది. ఆయన చూపు లేక నన్ను నమ్మి సంతకం చేశారు. పంపించాలంటే నన్ను పంపండి" అన్నాను. ఇంగ్లీషులో ఇంత పొడుగు వాక్యాలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అతను ఒక్కటే అన్నాడు: "నువ్వు టైపు చేశావు. సంతకం ఆయనది." సొరుగులోంచి బాబాయిగారి కాంట్రాక్టు కాగితం తీసి, ఆ జాబితా మీద పెట్టి, రెంటినీ కలిపి పిన్ను కొట్టాడు. "సభలో ఒక్క యజమాని లేచి నన్ను పిలవలేదు అన్నా సభ చెల్లదు. సభ చెల్లకపోతే ఇదీ చెల్లదు. తొమ్మిది రోజులున్నాయి."

పోస్టులో వేస్తే ఎప్పటికి చేరతాయో తెలియదు. పెట్టె తెరిచేది ఒకరు, అందులో పేర్లున్నది నలుగురివి. చేతికివ్వడం తప్ప దారి లేదు. ఆ మాట చెబితే మరియం గారు (ఆవిడ పేరు పూర్తిగా రాసే బాధ్యత నాకుంది గానీ, ఇకనుంచి ఆవిడను పెద్దావిడ అనే అంటాను) ఒక నిమిషం ఆలోచించి డ్రైవరుతో ఏదో అంది. "యల్లా, బండెక్కు అంటాందక్కా. ఈళ్ళందరి ఇండ్లూ ఈమెకు దెలుసంట. ముందు మా ఇంటికే పోదాం, తమ్ముండ్ల నవ్వు ఆపేసి మిగతా ఇండ్లకు పోదామంటాంది" అన్నాడు.

అలా వారం రోజుల పాటు సాయంత్రం సాయంత్రం నేనూ పెద్దావిడా కారు వెనక సీట్లో, బాబాయిగారు ఒళ్ళో పుస్తకంతో ముందు సీట్లో తిరిగాం. మా అమ్మ పెళ్ళికి పిలవడానికి ఇల్లిల్లూ ఎక్కి దిగేది, కుంకుమ భరిణె పట్టుకుని. ఇంట్లో ఒక్కరికే బొట్టు పెట్టి వచ్చేస్తే, పెట్టని తోడికోడలు మూడేళ్ళు మాట్లాడదని ఆమెకు తెలుసు. నేను ఐసు కంపెనీ వార్షిక సభకు అలా పిలిచాను. మగవాళ్ళ గదిలోకి బాబాయిగారు, ఆడవాళ్ళ గదిలోకి నేను. ఒక్కొక్కరి పేరూ పూర్తిగా, తాత దగ్గర ఆగకుండా మొదటినుంచీ చదివి, కవరు చేతికిచ్చి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకోవడం. ప్రతి ఇంట్లో ఖర్జూరం, గహ్వా అనే అక్కడి కాఫీ. కాదంటే తప్పు, తాగితే నిద్ర రాదు. ఒకింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళు, అందరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, నేను వాళ్ళను ఒకరిని చేశాను. ఆ సంగతి పెద్దావిడ వాళ్ళకు చెప్పినట్టుంది, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను కూడా నవ్వబోయాను గానీ గుమ్మంలో బాబాయిగారు గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి ఆగిపోయాను. కన్ను ఎర్రబడింది. డాక్టరు దుమ్ములో తిరగొద్దన్నాడు. "మీరు ఇంటికి వెళ్ళండి, నేను చూసుకుంటాను" అంటే, "నువ్వు జూసుకున్నది జూసిన గద బిడ్డా" అన్నారు. అంత బాధలోనూ అది ఆయన చేసిన మొదటి ఎత్తిపొడుపు. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

నూట ఇరవై అయిదోది సభ ముందురోజు ఇచ్చాం.

సభ రోజున హోటలు హాల్లో కుర్చీలు చాలలేదు. ఎప్పుడూ ఎనభై మంది రావడమే గగనమట. ఇంటికొచ్చి పిలిస్తే రాకుండా ఎలా ఉంటారు? తెరకు ఒకవైపు ఆడవాళ్ళు, అక్కడ చేతులు లెక్కపెట్టే పని నాది. లెక్కలు తనిఖీ చేసేవాళ్ళను మళ్ళీ పెట్టుకోవాలా అనే ప్రశ్నకు పెద్దావిడ 'సరే' అన్నప్పుడూ చెయ్యెత్తింది, 'వద్దు' అన్నప్పుడూ ఎత్తింది. ఒక్కసారే ఎత్తాలని నేను వేలు చూపిస్తే, నా ఎత్తిన వేలికి బదులుగా తన వేలు ఎత్తి నవ్వింది. ఆ రోజు ఎత్తాలనే వచ్చింది ఆవిడ.

అంతలో తెర అటువైపు నుంచి ఒక మగ గొంతు లేచింది. మేనేజరు ముఖం మారడం సందులోంచి కనిపించింది. ఎవరో నిలబడి, చేతిలో షేరు కాగితం ఊపుతూ, నన్ను పిలవలేదు అంటున్నాడు. ఆ అరబ్బీ ముక్క నాకు ఆ వారంలో బాగా వంటపట్టింది. నూట ఇరవై ఆరోవాడు! ఎవరిని వదిలేశాను? ఏ పేజీ?

బాబాయిగారు పుస్తకంతో ముందుకు వెళ్ళారు. ఆ మనిషి చేతిలో కాగితం తీసుకుని దూది లేని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. వెనక తిప్పి చూశారు. తర్వాత హాల్లో మూడో వరసలో తింటున్న ఖర్జూరం నోట్లోనే ఆపేసిన ఇంకో మనిషిని చూపించారు. కాగితం ఊపినాయన ఆ ఖర్జూరం ఆయన దగ్గర పోయిన చలికాలం బజారులో వాటాలు కొన్నాడు. డబ్బిచ్చాడు, కాగితం తెచ్చుకున్నాడు, ఇంట్లో బీరువాలో దాచుకున్నాడు. పుస్తకంలో పేరు మార్పించుకోవడానికి మాత్రం రాలేదు. పిలుపు పుస్తకంలో ఉన్న పేరుకే వెళ్ళింది, ఆ పేరున్నవాడు చక్కగా వచ్చి కూర్చున్నాడు. ఛైర్మన్‌గారు రెండు మాటలన్నారు, హాలు నవ్వింది, కాగితం ఊపినాయన కూర్చున్నాడు. రేపు పొద్దున ఇద్దరూ ఆఫీసుకు రండి, పేరు ఎక్కిస్తా అని బాబాయిగారు చెబుతున్నారు. నేను తెర వదిలి చేతులు లెక్కపెట్టడానికి మళ్ళీ ఆడవాళ్ళ వైపు తిరిగాను.

సభ చెల్లింది. మర్నాడు మేనేజరు ఆ పిన్ను తీసి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాడు. రెండేళ్ళకు కాదు, ఒక్క ఏడాదికి. నాకు ఏడుపొచ్చింది. బాబాయిగారు కాగితం మడిచి జేబులో పెన్నుల వెనక పెట్టుకుని, "ఆపరేషనైన కన్ను ఒకటే గద బిడ్డా. ఒక్క కన్నుకు ఒక్క ఏడాది. ఇంకోటి జేయించుకుని ఇంకో ఏడాది అడుగుత" అన్నారు. అడిగారు కూడా. ఇచ్చారు కూడా. కానీ ఆ రోజున అది మాకు తెలియదు.

నా తప్పుడు జాబితా చింపేయమని మేనేజరు దాన్ని ఆయన బల్ల మీద పడేసి వెళ్ళాడు. ఆయన చింపలేదు. ఎర్ర పెన్ను తీసి, దూది వేసిన కంటిని చేత్తో మూసుకుని, అడుగున నెమ్మదిగా రాశారు: ఈ జాబితా తప్పు, నేను చూడకుండా సంతకం చేశాను. కింద పేరు, పూర్తిగా. నేను పక్కనే నిలబడి, "అలా రాయకండి బాబాయిగారూ, తప్పంతా నాదని రాయండి, నేను సంతకం పెడతాను" అని బతిమాలాను. ఆయన తలెత్తలేదు. "పేర్లు కలుపుడు నీది. జూడక సంతకం పెట్టుడు నాది. రెండూ వేరే వేరే. మళ్ళ కలుపకు" అన్నారు. ఆ కాగితం కింద ఇంకాస్త చోటు మిగిల్చి పెన్ను నాకిచ్చారు. నాది నేను రాసుకున్నాను.

అప్పటి నేను, ఆ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, ఎప్పుడైనా ఎదురైతే తిట్టాలని లేదు నాకు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరినైనా లెక్కలోంచి తీసేసే ముందు ఒక్కసారి వాళ్ళను పూర్తిగా పేరు పెట్టి పిలిచి చూడమ్మా అని చెప్పాలనుంది. బుద్ధిగా వింటుంది, తల ఊపుతుంది. ఊపి, నేరుగా వెళ్ళి ఇంకేదో కొత్త తప్పు చేస్తుంది. పోనీలే, ఆ తప్పయినా ఇంకెవరి పేరు మీదకూ పోకుండా ఆమె పేరునే ఉంటుంది.